బరువు పెంచితే తగ్గిన కుదుపు

1970ల తొలినాళ్లలో కెమెరా నటుడి వెంట నడవాలంటే నేల మీద ట్రాక్ పరిచి ట్రాలీ తోయాలి, లేదా కెమెరామన్ దాన్ని భుజానికెత్తుకోవాలి. ట్రాక్ మెట్లెక్కదు. భుజం మీది కెమెరా అడుగడుక్కీ ఎగిరిపడుతుంది. ఫిలడెల్ఫియాలో వాణిజ్య ప్రకటనలు తీసే గారెట్ బ్రౌన్‌కు ఈ రెండూ నచ్చలేదు.

కుదుపు తగ్గాలంటే కెమెరా తేలిక కావాలనుకుంటాం. బ్రౌన్ బరువు పెంచాడు. ఒక కడ్డీకి పైన కెమెరా, కింద బ్యాటరీ, చిన్న మానిటర్ బిగించాడు. బరువు ఇలా దూరందూరంగా పరుచుకుంటే ఆ వస్తువు గభాల్న తిరగదు. తాడు మీద నడిచే పిల్ల పొడవాటి గడ పట్టుకునేది అందుకే. గరిమనాభికి కాస్త పైన అన్ని వైపులా తిరిగే గింబల్ అమర్చాడు. అక్కడ వేళ్లతో తాకితే చాలు, కెమెరా చెప్పినట్టు వింటుంది. మొత్తం బరువును మోసేది ఆపరేటర్ తొడుక్కున్న కవచానికి తగిలించిన స్ప్రింగుల చేయి. అడుగుల ఎత్తుపల్లాలను అదే మింగేస్తుంది. మానిటర్ ఉంది కాబట్టి కన్ను కెమెరాకు ఆనించే పనిలేదు.

నమూనా రీలు కోసం బ్రౌన్ తన స్నేహితురాలిని ఫిలడెల్ఫియా మ్యూజియం మెట్ల మీద పరుగెత్తించాడు. అది చూసిన దర్శకుడు జాన్ అవిల్డ్‌సన్ ఆ మెట్లెక్కడున్నాయని ఆరా తీశాడు. అలా 'రాకీ' (1976) సినిమాలోని మెట్ల పరుగు పుట్టింది. 'బౌండ్ ఫర్ గ్లోరీ' సినిమాలో బ్రౌన్ క్రేన్ మీంచి కిందికి దిగి, షాట్ తెగకుండానే జనంలోకి నడిచాడు. స్టెడీకామ్ అనే ఈ పరికరానికి 1978లో ఆస్కార్ దక్కింది. 'ది షైనింగ్' (1980) కోసం కడ్డీని తలకిందులు చేసి, కెమెరాను దాదాపు నేలకు ఆనించి, మూడు చక్రాల సైకిల్ తొక్కే పిల్లాడి వెంట హోటల్ వరండాలన్నీ తిప్పారు. మన తెలుగులో రామ్‌గోపాల్ వర్మ 'శివ' (1989)తో ప్రేక్షకులు దీని పనితనం చూశారు.

ఇప్పుడు పెళ్లి వీడియోలకూ మోటార్ల గింబల్ వచ్చింది. అది కెమెరా వాలకుండా, తిరక్కుండా చూస్తుంది. నడకలోని పైకీ కిందికీ ఊపును మాత్రం ఆపలేదు. అందుకే గింబల్ పట్టుకున్నవాళ్లు మోకాళ్లు వంచి, పిల్లిలా అడుగులేస్తారు. స్ప్రింగుల చేయి చేసే పని వాళ్ల మోకాళ్లు చేస్తున్నాయి.