గర్భిణి కడుపునిండా తింటే కాన్పు కష్టమా?

"ఎక్కువ తినకమ్మా, బిడ్డ పెద్దదైపోతే కాన్పు కష్టమవుతుంది." నెల తప్పిన కోడలితో పెద్దవాళ్ళు ఈ మాట అనడం శ్రీకాకుళం, విజయనగరం వైపు మీరూ వినే ఉంటారు. చెప్పేది ప్రేమతోనే. ఆసుపత్రి అందక, కాన్పంటే ప్రాణగండంగా ఉన్న రోజుల భయం అది. ఆ భయంలో నిజమెంతో మన రాష్ట్రాలు ఒక్కటిగా ఉన్నప్పుడే ఒకసారి తూచి చూశారు.

1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో పరిశోధన జరిపింది. వాటిలో 15 పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు రోజూ మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా చేసి పెట్టారు. తల్లి వాటాలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులుండేవి. తక్కిన 14 పల్లెలకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. పుట్టిన బిడ్డల్ని తూస్తే, ఉప్మా తిన్న పల్లెల బిడ్డలు సగటున ఎంత ఎక్కువ తూగారో తెలుసా? సుమారు 60 గ్రాములు! ఒక కోడిగుడ్డంత. ఈ మాత్రానికే కాన్పు కష్టమైపోతుందా, మీరే చెప్పండి.

మరి తిన్నదంతా ఏమైనట్టు? 2003-05లో ఆ పిల్లల్లో 1,165 మందిని 13-18 ఏళ్ళ వయసులో పరీక్షించారు. ఉప్మా పెట్టిన పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. అది చిన్న తేడాయే. కాని చక్కెర జబ్బుకు దారితీసే ఇన్సులిన్ నిరోధం వాళ్ళలో 20 శాతం తక్కువ! రక్తనాళాల బిరుసూ కొంత తక్కువే. రక్తపోటులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇందులో తల్లి తిన్నదెంత, పిల్లలు తిన్నదెంత, ఆ పల్లెల్లో అందిన ఇతర ఆరోగ్య సేవలెంత అన్నది విడదీసి చెప్పలేం.

గర్భిణికి మామూలుకంటే రోజుకు 350 కాలరీలు అదనంగా కావాలి. అందుకు ఖరీదైన డబ్బా పొడులు అక్కర్లేదు. చోడి అంబలి మంచిదే, కాని అదొక్కటే చాలదు. దానితోపాటు ఒక గుడ్డో, గట్టి పప్పో, గుప్పెడు వేరుశనగ గింజలో ఉండాలి. అంగన్‌వాడీ నుంచి ఆమె పేరున వచ్చిన సరుకు ఇంటిల్లిపాదికీ పంచేసి, చివర మిగిలింది ఆమెకు పెట్టకండి. చక్కెర జబ్బు, రక్తపోటు ఉన్న గర్భిణులు మాత్రం ఏది ఎంత తినాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.