జెండా మోసినవాడు లెక్కలోకి రాడా?

ఫిరాయింపుల మీద ముఖచిత్ర కథనం కావాలి, గురువారం సాయంత్రానికల్లా పేజీలు వెళ్లిపోవాలి అన్నారు ఎడిటర్. కండువాలు మార్చినవాళ్ల జాబితాలకు మన దగ్గర ఎప్పుడూ కొదవ లేదు. అవన్నీ ముందేసుకుని కూర్చున్నాక, వాటిని పక్కన పెట్టించిన కాగితం ఒకటి దొరికింది. శివసేన పేరునూ విల్లంబుల గుర్తునూ ఏక్‌నాథ్ షిండే వర్గానికి ఇస్తూ 2023 ఫిబ్రవరి 17న కేంద్ర ఎన్నికల సంఘం వెలువరించిన ఉత్తర్వు అది. పార్టీ అంటే కార్యకర్తలా, గెలిచిన ఎమ్మెల్యేలా అన్న తగువును ఆ ఉత్తర్వు ఓట్లు కూడి తేల్చింది. ఆ కూడిక నాకు మింగుడుపడలేదు. ఎందుకో చెబుతాను.

2022 జూన్‌లో షిండే వెంట శివసేన ఎమ్మెల్యేలు ముంబై నుంచి సూరత్‌కు, అక్కణ్నుంచి గువాహటికి తరలిపోయారు. 29న ఉద్ధవ్ ఠాక్రే మహారాష్ట్ర ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. మర్నాడే షిండే ప్రమాణ స్వీకారం. అసలు శివసేన మాదంటే మాదని ఇద్దరూ ఎన్నికల సంఘం గడప తొక్కారు. ఇలాంటి తగువుల్లో సంఘం మూడు విషయాలు చూస్తుంది. పార్టీ ఆశయాలకు కట్టుబడింది ఎవరు, పార్టీ రాజ్యాంగం ప్రకారం నడిచింది ఎవరు, మెజారిటీ ఎవరి వైపు ఉంది. ఈ మెజారిటీని కూడా రెండు చోట్ల చూడాలి, పార్టీ యంత్రాంగంలోనూ, చట్టసభల్లోనూ.

మిగిలినవేవీ తేలకపోవడంతో చివరికి చట్టసభల మెజారిటీ ఒక్కటే నిలబడింది. 2019 అసెంబ్లీ ఎన్నికల్లో సేన తరఫున గెలిచిన 56 మందిలో ఒకరు చనిపోగా మిగిలింది 55. అందులో 40 మంది షిండే వైపు, 15 మంది ఠాక్రే వైపు. ఆ 40 మందికి పడ్డ ఓట్లు 36,57,327. ఈ 15 మందికి పడ్డవి 11,25,113. గెలిచినవారి ఓట్లలో 76 శాతం అటు, 23.5 శాతం ఇటు. లోక్‌సభ సభ్యులు 18 మందిలో 13 మంది షిండే పక్షమే, ఓట్ల లెక్కలో 73 శాతం. ఇంత స్పష్టంగా ఉంటే ఇక వాదనేముంది అనిపిస్తుంది.

అదే ఉత్తర్వులో ఇంకో అంకె ఉంది. ఆ ఎన్నికల్లో ఓడిన అభ్యర్థులతో కలిపి శివసేనకు వచ్చిన ఓట్లు మొత్తం 90,49,789. దీని మీద లెక్కేస్తే షిండే ఎమ్మెల్యేల వాటా 40 శాతం, ఠాక్రే ఎమ్మెల్యేల వాటా 12 శాతం. సంఘమే ఈ శాతాలు రాసింది. మిగిలిన ఓట్లు ఎన్నో నేను కూడి తీసేసి చూశాను. 42,67,349. దాదాపు సగం. షిండే వైపు కూడిన ఓట్ల కన్నా ఇవే ఎక్కువ. దాదాపు ఇవన్నీ ఓడిన అభ్యర్థులకు పడినవి. ఆ నియోజకవర్గాల్లోనూ కార్యకర్తలు గోడల మీద రాతలు రాశారు, బూత్ ఏజెంట్లుగా కూర్చున్నారు, ముసలివాళ్లను ఆటోల్లో పోలింగ్ కేంద్రానికి తీసుకెళ్లారు. వాళ్లు ఎటు ఉన్నారో చెప్పే గడి ఆ పట్టికలో లేదు. గెలిచినవాడి ఓట్లు మాత్రం అతని సొంత ఆస్తి అయిపోయాయి. అతను ఎటు పోతే అవీ అటే.

షిండే పక్షం వాదననూ తేలిగ్గా తీసెయ్యలేం. 2019లో జనం ఓటేసింది బీజేపీ, శివసేన పొత్తుకు. ఫలితాలయ్యాక కాంగ్రెస్, ఎన్సీపీలతో చేరి ఓటరు నమ్మకాన్ని వమ్ము చేసింది ఠాక్రేయే అన్నారు వాళ్లు. అందులో బలముంది. అయితే ఆ తప్పొప్పులు తేల్చాల్సింది పార్టీ సభ్యులో, ఓటర్లో. ఓటర్లను అడిగినప్పుడు చూడండి ఏమైందో. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఠాక్రే సేనకు 9 సీట్లు, షిండే సేనకు 7 ఇచ్చారు. ఆరు నెలలు తిరక్కుండానే అసెంబ్లీకి వచ్చేసరికి షిండేకు 57, ఠాక్రేకు 20. జనం మనసు ఇంతగా మారుతూ ఉంటే, మూడేళ్ల పైచిలుకు కిందటి ఓట్లను ఎమ్మెల్యేల వెంట పంచి పార్టీ ఫలానావారిదని ముద్ర వేయడం ఏం న్యాయం?

మరి కార్యకర్తలను ఎందుకు లెక్కపెట్టలేదు? ఠాక్రే వర్గం లక్షల కొద్దీ ప్రమాణపత్రాలు సమర్పించింది. అవి అక్కరకు రాలేదు. కారణం ఆ పార్టీ రాజ్యాంగంలోనే ఉంది. 2018లో మార్చుకున్న నిబంధనల ప్రకారం అధ్యక్షుణ్ని ఎన్నుకునేవాళ్లను నియమించేది ఆ అధ్యక్షుడే. ఇదేం ప్రజాస్వామ్యమని సంఘం గట్టిగానే అడిగింది. 1999లో సంఘం ఒత్తిడి మీద తెచ్చిన ప్రజాస్వామ్య నిబంధనలను మళ్లీ తీసేశారని, ఆ మార్పుల సంగతి తమకు చెప్పనే లేదని తప్పుబట్టింది. ఈ మాటకొస్తే నేను సంఘం పక్షమే. సభ్యులకు ఓటు లేకుండా చేసుకున్న పార్టీ, కష్టం వచ్చినప్పుడు సభ్యులే నా బలం అంటే ఎవరు వింటారు? అయినా నాయకుడి తప్పుకు శిక్ష పడింది ఎవరికి? ఏళ్ల తరబడి జెండా మోసినవాడికి.

2023 మే 11న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ ఎమ్మెల్యేల లెక్కకు అడ్డంగా ఒక మాట చెప్పింది. విప్‌ను నియమించాల్సింది రాజకీయ పార్టీ, శాసనసభా పక్షం కాదు. ఎమ్మెల్యేలే విప్‌ను పెట్టుకుంటే పార్టీకీ వాళ్లకూ ఉన్న బొడ్డుతాడు తెంచినట్టే అవుతుందని వ్యాఖ్యానించింది. షిండే పక్షపు విప్‌ను స్పీకర్ గుర్తించడం చట్టవిరుద్ధమని తేల్చింది. కానీ ఠాక్రే బలపరీక్షకు నిలబడకుండా రాజీనామా చేశారు కనుక ఆయన్ను తిరిగి కూర్చోబెట్టలేమంది. ఆ తర్వాత 2024 జనవరి 10న మహారాష్ట్ర స్పీకర్ అనర్హత పిటిషన్ల మీద నిర్ణయం చెబుతూ మళ్లీ ఎమ్మెల్యేల సంఖ్య దగ్గరికే వచ్చారు. నెల తిరక్కుండా ఎన్సీపీ విషయంలోనూ ఎన్నికల సంఘం అదే లెక్కతో పార్టీని అజిత్ పవార్‌కు ఇచ్చింది.

మన దగ్గర ఇదే తగువు వేరే దారిలో నడిచింది. 2018లో తెలంగాణలో కాంగ్రెస్ 19 సీట్లు గెలిచింది. రాజ్యాంగం పదో షెడ్యూలు నాలుగో పేరా ప్రకారం శాసనసభా పక్షంలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే అది విలీనం, ఎవరి మీదా వేటు పడదు. 19 మందిలో మూడింట రెండొంతులంటే 13. ఎంపీగా గెలిచిన ఉత్తమ్ కుమార్ రెడ్డి 2019 జూన్ 5న ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. 18 మిగిలారు. ఇప్పుడు 12 మంది చాలు. మర్నాడు, జూన్ 6న, సరిగ్గా 12 మంది స్పీకర్‌కు లేఖ ఇచ్చారు. అదే రోజు బులెటిన్ వచ్చింది. గాంధీభవన్ మీద జెండా అలాగే ఎగురుతోంది, మండల కమిటీలు అలాగే ఉన్నాయి, ఏ కార్యకర్తనూ ఎవరూ అడగలేదు. సభ లెక్కల్లో మాత్రం కాంగ్రెస్ శాసనసభా పక్షం టీఆర్ఎస్‌లో కలిసిపోయింది. అంతకుముందు 2016లో తెలుగుదేశం 15 మందిలో 12 మంది ఇలాగే కలిశారు. 2019 జూన్‌లోనే తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో కలిశారు. 2023లో తెలంగాణలో అధికారానికి వచ్చిన కాంగ్రెస్, తానే దెబ్బతిన్న పార్టీ అయ్యుండీ, పదిమంది బీఆర్ఎస్ (పాత టీఆర్ఎస్) ఎమ్మెల్యేలకు తలుపు తీసింది. వాళ్ల అనర్హత సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది.

వెనక్కి వెళ్తే కథ పెద్దది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఇందిర ఆత్మప్రబోధం మాటతో గెలిచింది వి.వి. గిరి, చీలింది కాంగ్రెస్. కాడెద్దుల గుర్తు మీద తగువులో సుప్రీంకోర్టు 1971లో మెజారిటీ లెక్కనే ఒప్పుకుంది. అయితే అప్పుడు ఎంపీలు, ఎమ్మెల్యేలతోపాటు ఏఐసీసీ సభ్యులనూ లెక్కపెట్టారు. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చింది. మూడో వంతు చీలికకు అందులో ఉన్న మినహాయింపును 2003 సవరణ తీసేసింది, విలీనం మిగిలింది. 1995 ఆగస్టులో హైదరాబాద్ వైస్రాయ్ హోటల్లో తెలుగుదేశం ఎమ్మెల్యేలు చంద్రబాబు వైపు చేరితే, పార్టీ పెట్టిన ఎన్టీఆర్ ముఖ్యమంత్రి పదవి నుంచి దిగిపోయారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో చంద్రబాబు పక్షానికి 16 సీట్లు, లక్ష్మీపార్వతి పక్షానికి ఒక్కటీ రాలేదు. జనం ఎమ్మెల్యేల నిర్ణయాన్ని ఒప్పుకున్న సందర్భాలూ ఉన్నాయి. కానీ ముందు అడిగి చేసిన పని కాదది.

బ్రిటన్‌లో తిరగబడిన కథ

2016 జూన్ 28న లేబర్ పార్టీ ఎంపీలు తమ నాయకుడు జెరెమీ కార్బిన్ మీద అవిశ్వాసం పెట్టారు. ఆయనకు వ్యతిరేకంగా 172 మంది, అనుకూలంగా 40 మంది. ఆయన దిగలేదు. సెప్టెంబరులో మళ్లీ నాయకత్వ ఎన్నిక జరిగింది. సభ్యులు, నమోదైన మద్దతుదారులు కలిసి 61.8 శాతం ఓట్లతో ఆయన్నే గెలిపించారు. 2019 ఎన్నికల్లో ఘోరంగా ఓడాకే ఆయన తప్పుకున్నారు. సభ్యుల తీర్పు ప్రతిసారీ ఎన్నికలు గెలిపించదు. ఎంపీలు పార్టీని ఎత్తుకుపోలేకపోయారన్నది మాత్రం నిజం.

రుసుము, బీమా, ఓటు

తెలుగుదేశం సభ్యత్వ రుసుము 100 రూపాయలు, జనసేనది 500. రెంటితోనూ ప్రమాద బీమా ఉంది. కార్యకర్త కుటుంబానికి అది నిజమైన ఆసరా. అధ్యక్షుణ్ని నేరుగా ఎన్నుకునే ఓటు మాత్రం మన పెద్ద పార్టీల్లో మామూలు సభ్యుడికి లేదు. 2022 అక్టోబరులో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక జరిగింది. ఖర్గేకు 7,897 ఓట్లు, శశి థరూర్‌కు 1,072. ఓటేసింది ప్రతినిధులే.

పదో షెడ్యూలు నాలుగో పేరాను తీసెయ్యాలి. పార్టీ మారాలనుకున్న ఎమ్మెల్యే రాజీనామా చేసి మళ్లీ జనం ముందుకు రావాలి. గుర్తు మీద తగువొస్తే సభ్యుల జాబితా తెరిచి వాళ్లనే అడగాలి. అలా అడగాలంటే ముందు ఆ జాబితా సక్రమంగా ఉండాలి. కాబట్టి సభ్యత్వ రసీదు పుస్తకం పట్టుకుని మీ గుమ్మంలోకి ఎవరొచ్చినా, ఏ పార్టీవాళ్లయినా, డబ్బులిచ్చే ముందు రెండు మాటలు అడగండి. ఈ సభ్యత్వంతో అధ్యక్షుణ్ని ఎన్నుకునే ఓటు నాకు వస్తుందా? మన ఎమ్మెల్యే వేరే కండువా కప్పుకునే ముందు నన్ను అడుగుతారా?