సెల్‌ఫోన్‌లో ధ్యానం మనసుకు మందవుతుందా?

"మా అబ్బాయి రాత్రిపూట చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంటున్నాడండీ. ఆఫీసువాళ్ళే ఫోనులో ధ్యానం యాప్ ఇచ్చారట. దానివల్ల నిజంగా మేలుందా? మన విశ్వాసానికి అది తగినదేనా?" ఉద్యోగం చేస్తున్న పిల్లలున్న తల్లిదండ్రులు మమ్మల్ని ఇలా అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నలే ఇవి.

ఏమిటీ యాప్‌లు?

1979లో అమెరికాలోని మాసచూసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ అనే శాస్త్రవేత్త దీర్ఘకాల నొప్పులు, ఒత్తిడితో బాధపడే రోగులకు 8 వారాల ధ్యాన శిక్షణ మొదలుపెట్టారు. ఆ తరహా సాధనే తర్వాత ఫోనులోకి వచ్చింది. 2010లో లండన్‌లో 'హెడ్‌స్పేస్', 2012లో అమెరికాలో 'కామ్' సంస్థలు మొదలయ్యాయి. ఫోనులోంచి ఒక గొంతు నెమ్మదిగా చెబుతూ ఉంటుంది. దాని ప్రకారం శ్వాసను గమనించాలి, మనసు పక్కకు పోతే మళ్ళీ తీసుకురావాలి. నిదానంగా ఊపిరి పీల్చి వదిలితే గుండె వేగం తగ్గుతుంది, బిగిసిన కండరాలు సడలుతాయి. ఇందులో మాయ ఏమీ లేదు. దేవుడు మన శరీరాన్ని నిర్మించిన తీరే అది.

పరిశోధనలు ఏమంటున్నాయి?

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1,458 మంది ఉద్యోగులపై జరిగిన అధ్యయనం 2025లో వెలువడింది. రోజుకు 10 నిమిషాల చొప్పున 8 వారాలు యాప్‌తో ధ్యానం చేయమన్నవారిలో, మిగతావారికంటే ఒత్తిడి బాగా తగ్గింది.

బ్రిటన్‌లో 46,336 మంది ఉద్యోగుల సర్వే సమాధానాలను పరిశీలించిన మరో అధ్యయనం 2024లో వచ్చింది. ఆఫీసు ఇచ్చిన యాప్‌లు, ధ్యాన తరగతులు వాడినవారి మానసిక స్థితి, వాడని తోటివారికంటే మెరుగ్గా కనబడలేదు.

ఈ రెండూ ఎలా పొసుగుతాయి? యాప్ ఆ కాసేపు మనసును నెమ్మదింపజేయవచ్చు. కానీ పన్నెండు గంటల పనినీ, నిద్రలేని షిఫ్టులనూ, అధికారి అవమానాలనూ అది తగ్గించలేదు. పచ్చడి, అప్పడం మానకుండా బి.పి. మాత్ర ఒక్కటే మింగినట్టు ఉంటుంది. అందుకే పని పరిస్థితులనే మార్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో యాజమాన్యాలకు సూచించింది. మన సంఘాలలో నలుగురికి పని ఇచ్చే పెద్దలు కూడా ఈ మాట ఆలోచించాలి.

విశ్వాసం సంగతి

ధ్యానించడం అనే మాట మనకు కొత్త కాదు, మొదటి కీర్తనలోనే ఉంది. శ్వాసను గమనించడం శరీరానికి సంబంధించిన సాధన. కొన్ని యాప్‌లలో ఇతర బోధలు, మంత్రాలు కూడా ఉంటాయి. అవి వద్దనుకుంటే శ్వాస సాధన వరకే తీసుకోండి. తర్వాత ఒక వాక్యం చదువుకుని ప్రార్థించుకోండి.

వాడేవారికి కొన్ని సూచనలు

• రోజూ ఒకే వేళకు 10 నిమిషాలు చాలు. చాలామంది రెండు వారాలైనా కాకముందే మానేస్తారు.
• యాప్ లేకపోయినా ఫరవాలేదు. నాలుగు లెక్కించేంతసేపు పీల్చి, ఆరు లెక్కించేంతసేపు వదలండి.
• మీరు రాసే వివరాలు ఆఫీసుకు చేరతాయేమో ముందే అడిగి తెలుసుకోండి.
• కళ్ళు మూసుకోగానే పాత భయాలు ముంచుకొస్తే ఆపేయండి. లేని గొంతులు వినబడే జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.
• డాక్టరు ఇచ్చిన మందులను యాప్ చూసి మానవద్దు.

ఎప్పుడు డాక్టరు దగ్గరకు రావాలి?

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, నిద్ర, ఆకలి చెడితే, దేనిమీదా ఇష్టం లేకపోతే ఆలస్యం చేయవద్దు. "చచ్చిపోతే బాగుండు" అన్న మాట వినబడితే ఆ రోజే తీసుకురండి, వారిని ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ 'టెలీ మానస్' 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

దయచేసి ఒక్క మాట అనకండి: "ప్రార్థన తక్కువై ఇలా అయ్యావు." షుగరు, బి.పి. లాగే డిప్రెషన్ కూడా జబ్బే. ఆ మాటకు భయపడి దాచుకున్నవారు బాగా ముదిరాక మా దగ్గరకు వస్తున్నారు.

ఏలీయా ప్రవక్త అలసిపోయి, చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు అతన్ని గద్దించలేదు. మొదట నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్ళు అందించాడు. ఆ తర్వాతే మాట్లాడాడు. మీ ఇంట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మౌనంగా కూర్చున్న బిడ్డకు ఈ రాత్రి వేడి అన్నం వడ్డించి, పక్కన కూర్చోండి. "ఎలా ఉన్నావు నాన్నా?" అని అడిగి, చెప్పేది చివరిదాకా వినండి. ఆ పని ఏ యాప్ చేయలేదు.