అవ్వ అడిగిందే అడుగుతోందా?

సిరిసిల్లలో సాంచాల చప్పుడు వినిపించే ఓ ఇంటిని ఊహించుకోండి. కూతురు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. గడపలో కూర్చున్న తల్లి అడుగుతుంది: "బిడ్డా, మీ బాపు సాంచాల కాడికెల్లి వచ్చిండా?"

బాపు పోయి పదేళ్లు. పొద్దుటినుంచి అడగడం ఇది ఆరోసారి. "ఎన్నిసార్లు చెప్పాలె అవ్వా? బాపు సచ్చిపోయిండు గద!" అని కసురుతుంది కూతురు. తల్లి ఆ కబురు అప్పుడే విన్నట్టు గొల్లుమంటుంది. గంట తిరక్కుండా మళ్లీ అదే ప్రశ్న!

మీ ఇంట్లోనూ ఇంతేనా? అయితే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. "ఇల్లంతా ఒంటిచేత్తో నడిపిన మనిషి ఇట్లయిపాయె" అని మీ మనసు సగం నిన్నటి మీద, "మంచాన పడితే ఎట్ల?" అని సగం రేపటి మీద ఉంటుంది. అవ్వకు మాత్రం మిగిలింది ఈ ఘడియే. మీరూ కాసేపు అందులోకి రండి.

ముందు డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, దిగులు కూడా మతిమరుపు తెస్తాయి. వీటికి మందులున్నాయి. ఉన్నట్టుండి తికమక పడుతుంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఆలస్యం చేయొద్దు. డిమెన్షియా అని తేలినా మీరు ఒంటరివారు కారు. 2021లో ప్రపంచంలో 5.7 కోట్ల మందికి ఈ జబ్బుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ఇక ఆ ప్రశ్న సంగతి. అవ్వ అడిగేది బాపు జాడ అనుకుంటాం గానీ, లోపల ఉన్నది బెంగ. అందుకే ఈసారి ఇలా అని చూడండి: "బాపు యాదికొచ్చిండా అవ్వా? బాపుకు ఏం కూర ఇష్టముండె?" అబద్ధం ఆడలేదు, చావు కబురూ చెప్పలేదు. అవ్వ కూర గురించి చెప్పడం మొదలుపెడుతుంది.

మాట మరిచినా చెయ్యి అంత త్వరగా మరవదు. చిక్కుడుకాయల ఈనెలు తీయమనండి. బతుకమ్మ పండుగనాడు గునుగు, తంగేడు ముందు పెట్టండి. వరస తప్పితే సర్దకండి. పళ్లు లేకపోతే మక్కగట్కను మెత్తగా ఉడికించి, మజ్జిగ కలిపి పెట్టండి. మీరూ పక్కనే కూర్చుని తినండి.

వెయ్యి బీడీల లెక్కన కూలి వచ్చే ఇంట్లో రెండు నిమిషాలకూ ఖరీదుంటుంది, నిజమే. కానీ ఏడుపు ఊరడించడానికి పట్టే అరగంట కంటే అది తక్కువే కదా!

అయినా ఒక్కరే మోయకండి. తల్లిదండ్రుల పోషణ బాధ్యత కొడుకులకూ కూతుళ్లకూ ఉందని 2007 నాటి చట్టం చెబుతోంది. వారంలో ఒక పూట తమ్ముణ్ణో చెల్లెల్నో అవ్వ దగ్గర కూర్చోమని అడగండి. వృద్ధుల కోసం ఉన్న 14567 టోల్‌ఫ్రీ నంబరు క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

ఏడోసారి అవ్వ "బిడ్డా..." అనగానే, చాట పక్కన పెట్టి ఆమె ముఖంలోకి చూడండి. ఆ పిలుపు మీకు వినిపించే రోజులివి.