ముఖానికి 70 మార్కులు

ఆగస్టు 29న మన శాఖలో జరిగిన తెలుగు భాషా దినోత్సవం వీడియో చాలామంది చూసే ఉంటారు. ఒకటే వీడియో రెండుసార్లు ఎందుకు పంపావని కొందరు అడిగారు. మొదటిది దయచేసి డిలీట్ చేసేయండి. ఎందుకో చెప్పాలంటే ముందు కలర్ గ్రేడింగ్ అంటే ఏంటో చెప్పాలి.

షూటింగ్ అంతా రెండు ఫోన్లతోనే చేశాం. ఒకటి స్టేజికి ఎదురుగా, ఒకటి కిటికీ పక్కన. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే హాలు అంటే ఎవరూ నమ్మరు. ట్యూబులైటు కింద తీసింది ఆకుపచ్చ ఛాయలో ఉంది, కిటికీ దగ్గర తీసింది నీలంగా ఉంది. తెల్ల పంచెని ఏ దీపం కింద చూసినా మన కన్ను తెల్లగానే చూస్తుంది. కెమెరాకి ఆ తెలివి తక్కువ. ఏది తెలుపో దానికి మనం చెప్పాలి. వెలుతురు రంగుని కెల్విన్లలో కొలుస్తారు. పసుపు కాంతి ఇచ్చే పాత బల్బు 2700 చుట్టుపక్కల, మధ్యాహ్నపు ఎండ 5600 దగ్గర ఉంటాయి.

ఇదంతా సరిచేయడానికి డావిన్చి రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఉచితంగానే దొరుకుతుంది, కానీ మా అన్నయ్య పాత ల్యాప్‌టాప్ దాన్ని మోయలేక మూలుగుతుంది. ఆన్‌లైన్ పాఠాలు చూసి నేర్చుకున్నాను. నేను చూసినవి ఎక్కువ ఇంగ్లీషువి, కొన్ని తమిళంవి. అందులో లిఫ్ట్, గామా, గెయిన్ అని మూడు చక్రాలుంటాయి. లిఫ్ట్ తిప్పితే చీకటి భాగాలు, గామాతో మధ్యస్థంగా ఉన్నవి, గెయిన్‌తో వెలుగు భాగాలు మారతాయి.

పనిలో రెండు దశలు. మొదటిది కరెక్షన్, అంటే అన్ని షాట్లనీ సహజంగా, ఒకేలా కనిపించేట్టు చేయడం. రెండోదే అసలు గ్రేడింగ్, కథకి తగ్గ రంగు ఇవ్వడం. బట్టకి అద్దకం వేసేముందు శుభ్రంగా ఉతికినట్టే ఇది కూడా. 2000లో వచ్చిన ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ అనే హాలీవుడ్ సినిమాని పచ్చటి చెట్ల మధ్య తీసి, తర్వాత కంప్యూటర్లో ఆ పచ్చదనాన్నంతా ఎండుగడ్డి రంగుకి మార్చారు. సినిమా మొత్తానికి అలా చేయడం అప్పటికి చాలా కొత్త.

నేనేమో ఉతక్కుండానే అద్దకం వేశాను. లట్ అని రెడీమేడ్ రంగుల ఫైళ్ళు దొరుకుతాయి. వాటిలో ‘ఆరెంజ్ అండ్ టీల్’ అనేదాన్ని ఒక్క క్లిక్కుతో పెట్టేశాను. చర్మం రంగు నారింజ వైపు ఉంటుంది, దానికి ఎదురు రంగు నీలి ఆకుపచ్చ, కాబట్టి వెనకదంతా అలా మారిస్తే మనుషులు ఎద్దుకొట్టినట్టు కనిపిస్తారని లెక్క. మన మామిడాకుల తోరణం ప్లాస్టిక్‌లా తయారైంది. చిలకపచ్చ ఓణీ సముద్రం రంగుకి తిరిగింది. పైగా రాత్రిపూట కళ్ళకి మంచిదని నైట్ లైట్ వేసుకుని కూర్చున్నాను. తెర పసుపుగా ఉంది కదా, దాన్ని చూసి వీడియోకి నీలం కలుపుతూ పోయాను!

ఇవన్నీ నవ్వుకునే తప్పులు. అసలు తప్పు ముఖం దగ్గర చేశాను.

రిజాల్వ్‌లో వేవ్‌ఫామ్ అనే గ్రాఫుంది. కింద 0 అంటే పూర్తి నలుపు, పైన 100 అంటే పూర్తి తెలుపు. ముఖం 70 దగ్గర ఉండాలని ఒక పాఠంలో చెప్పారు. పద్యాలు చదివిన మన క్లాసు అమ్మాయిది చామనఛాయ కంటే ఇంకాస్త నలుపు. ఆమె ముఖం 45 దగ్గర ఉంది. ‘తక్కువుందే’ అనుకుని గామా పెంచి 70కి తెచ్చాను. వాళ్ళమ్మగారు చూసి “ఇదెవరే, బూడిద పూసుకున్నట్టుంది” అన్నారట. ఆ అమ్మాయి నన్నేమీ అనలేదు. స్టేటస్‌లో మాత్రం పెట్టుకోలేదు.

అప్పుడు మళ్ళీ వెతికాను. 70 అనేది తెల్లవాళ్ళ చర్మానికి సరిపోయే లెక్క. ఫిల్ము రోజుల్లోనూ ఇదే గొడవ. ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపే ‘షర్లీ కార్డు’ మీద చాలా ఏళ్ళు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. వేర్వేరు ఛాయల స్త్రీలున్న కార్డు 1990లలో గానీ రాలేదు.

నాకు ఆశ్చర్యమనిపించింది ఇంకొకటి. వెక్టర్‌స్కోప్ అనే గుండ్రటి గ్రాఫులో ఎరుపుకీ పసుపుకీ మధ్య ఒక గీత ఉంటుంది. ఏ ఛాయ మనిషైనా చర్మం దాదాపు ఆ గీత దగ్గరే పడుతుంది. మన రంగుల్లో తేడా ఎక్కువగా వెలుగులోనే, ఆ గీత దగ్గర చాలా కొంచెమే. ఆ గీత నుంచి ముఖం పక్కకి జరిగితే సరిచేయాలి. వెలుగు ఎవరిది వాళ్ళకే ఉంచాలి. మా ఇంట్లో అమ్మ తెలుగు, నాన్న తమిళం. రెండు భాషల్లోనూ ‘పిల్ల మంచి కలరు’ అంటే తెల్లగా ఉందనే అర్థం. ఆ పాఠం చూడకముందే నా చెయ్యి గామా వైపు ఎందుకు వెళ్ళిందో నాకు తెలుసు.

రెండో వీడియోలో లట్ తీసేశాను. బల్ల మీదున్న తెల్లకాగితాన్ని చూసుకుని వైట్ బ్యాలెన్స్ సరిచేశాను. ఆమె ముఖాన్ని 45 దగ్గరే ఉంచాను. గెయిన్ మాత్రం ఒక్క రవ్వ పెంచాను, నుదుటి మీద, బుగ్గల మీద పడే మెరుపు కోసం. నల్లటి చర్మానికి అందం ఆ మెరుపులోనే ఉంటుంది. పక్కన నిల్చున్న మేడమ్ ముఖం 60 దగ్గర ఉంది, అది ఆవిడది.

ఇదంతా రాయొచ్చా అని ఆ అమ్మాయినే అడిగాను. రాసుకో అంది. కొత్త వీడియో మూడుసార్లు చూసి, రెండో పద్యంలో ఒక అక్షరం మింగేశానే, దాన్ని కూడా నీ చక్రాలతో సరిచేయగలవా అని అడిగింది.