నడిసంద్రంలో నడిచే ఇల్లు
* ఎండే ఇంధనం.. మనిషి నడకంత వేగం
* అలలు, తుపాన్లు, చట్టం.. మూడింటితోనూ పేచీ

బరంపురం: సముద్రాన్ని నమ్ముకుని బతకడం మనోళ్లకు కొత్త కాదు. పూరీలోని పెంటకోట మొదలు గోపాలపూర్ దాకా తెలుగు మత్స్యకారులు తరతరాలుగా చేస్తున్నది అదే. అయితే వేటకెళ్లినవారు ఎప్పటికైనా ఒడ్డుకు రావాల్సిందే. అలా రాకుండా సంద్రంలోనే కాపురం పెడితే? చుక్క డీజిల్ లేకుండా ఎండతోనే మెల్లగా కదిలే ఇల్లు కట్టుకుంటే? వింతగా అనిపించినా, పలు దేశాల్లో ఇంజినీర్లు, ఔత్సాహికులు కొన్నేళ్లుగా దీనిపై కుస్తీ పడుతున్నారు.

ఎండతో ఓడ నడుస్తుందా అన్న అనుమానం 2012లోనే తీరిపోయింది. స్విట్జర్లాండ్‌కు చెందిన రఫాయెల్ డొమ్జాన్ చొరవతో తయారైన ‘ప్లానెట్ సోలార్’ 2010 సెప్టెంబరులో మొనాకోలో బయల్దేరి, 584 రోజుల్లో సుమారు 60 వేల కిలోమీటర్లు తిరిగి ప్రపంచాన్ని చుట్టొచ్చింది. పొడవు 31 మీటర్లు. పైన 537 చదరపు మీటర్ల పలకలు, లోపల ఎనిమిదిన్నర టన్నుల బ్యాటరీలు. సగటు వేగం గంటకు 9 కిలోమీటర్లే. అంత పెద్ద నౌకను నడపడానికి సగటున 20 కిలోవాట్లు సరిపోయాయి. అంటే మన పొలాల్లోని ఐదు హెచ్‌పీ మోటార్లు ఐదారు!

తొందర లేకుంటే చాలు

రహస్యమంతా నెమ్మదిలోనే ఉంది. నీటిలో వేగం రెట్టింపు కావాలంటే శక్తి దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. వేగం సగానికి తగ్గిస్తే ఎనిమిదో వంతు చాలు. పైకప్పు మీద 60 చదరపు మీటర్ల పలకలు పరిస్తే సుమారు 12 కిలోవాట్ల సామర్థ్యం వస్తుంది. మంచి ఎండ కాస్తే రోజుకు 50 యూనిట్ల వరకు చేతికొస్తాయి. ఫ్యాన్లు, ఫ్రిజ్, వంట, ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రం.. వీటికి పది తీసేసినా మిగతా 40తో సన్నని పడవల మీద నిలిపిన తేలికపాటి ఇంటిని రాత్రింబవళ్లు గంటకు ఐదు కిలోమీటర్ల చొప్పున నడపొచ్చు. మబ్బు పట్టిందా, ఉన్నచోటే మకాం.

బంధువులొస్తే మునక

అసలు చిక్కు అలలతో. కడుపులో తిప్పే ఇంట్లో ఎవరుంటారు? మన పాత తెప్పలో దుంగల సందుల్లోంచి నీరు పోయేది. అలతో పోట్లాడకుండా దారివ్వడం అక్కడి కిటుకు. చమురు రిగ్గులదీ దాదాపు అదే దారి. తేలే భాగాన్ని అలల కిందికి దించి, సన్నని స్తంభాల మీద ఇంటిని ఎత్తిపెడతారు. అమెరికాలో 1962లో తయారైన ‘ఫ్లిప్’ అనే 108 మీటర్ల పరిశోధక నౌక ఇలాగే నిట్టనిలువుగా నిలబడి, పెద్ద అలల్లోనూ పెద్దగా ఊగేది కాదు. 2023లో దానికి విశ్రాంతినిచ్చారు.

అయితే సన్నని స్తంభాలకూ ఓ తంటా ఉంది. అర మీటరు వ్యాసంతో నాలుగు స్తంభాలు పెట్టామనుకోండి. టన్ను బరువు అదనంగా పడితే ఇల్లు దాదాపు మీటరూ పావు కిందికి దిగుతుంది. పండక్కి పదిహేను మంది చుట్టాలొస్తే అంతే సంగతులు! స్తంభాలు లావు చేస్తే బరువు మోస్తుంది గానీ ఊపు ఎక్కువవుతుంది. డిజైనర్ల కుస్తీ అంతా ఇక్కడే.

తుపానుకు ముందే తరలాలి

2013 అక్టోబరు 12న పైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఈ ప్రాంతంలో దాన్ని మరిచిపోయినవారుండరు. నడక వేగంతో కదిలే ఇల్లు అలాంటిదాన్నుంచి అప్పటికప్పుడు పారిపోలేదు. నాలుగైదు రోజుల ముందు హెచ్చరిక అందితే మహా అయితే ఐదారొందల కిలోమీటర్లు జరగొచ్చు. అదీ తుపాను దారి మార్చుకోకుంటేనే. అందుకే వలస పక్షిలా కాలాన్ని బట్టి కదలాలంటారు. భూమధ్యరేఖకు ఐదు డిగ్రీల లోపు తుపాన్లు పుట్టడం బహు అరుదు. గోపాలపూర్ నుంచి అక్కడికి సుమారు 1,550 కిలోమీటర్లు. రోజుకు 120 చొప్పున పదమూడు రోజులు. అక్టోబరు రాకముందే బయల్దేరాలన్నమాట.

కదలని ఇంటికి ఏమైందంటే..

థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌కు సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఒక అమెరికన్, ఆయన థాయ్ భాగస్వామి 2019లో ఒంటి స్తంభం ఇంట్లో కాపురం పెట్టారు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు దాటేశాం, ఇది ఎవరి దేశమూ కాదన్నది వారి ధీమా. తమ సార్వభౌమాధికారానికి ముప్పన్నది ఆ దేశ నౌకాదళం వాదన. మరణశిక్షకూ వీలున్న సెక్షన్ కింద అభియోగం రావడంతో వాళ్లు బతుకుజీవుడా అని తప్పించుకున్నారు. ఏప్రిల్‌లో నౌకాదళం ఇంటిని ఒడ్డుకు లాక్కెళ్లింది. అంతర్జాతీయ సముద్ర చట్టం ప్రకారం 200 నాటికల్ మైళ్ల దాకా కృత్రిమ దీవులు, కట్టడాలపై తీరదేశానిదే అధికారం. అదే ఏదో ఒక దేశంలో నమోదై, ఆ జెండాతో కదిలేదైతే ఓడ కిందే లెక్క. దారి వదలాల్సిందే. ఇల్లు కదలాలన్న పట్టుదల వెనుక ఈ లెక్కా ఉంది.

ఇంకో తలనొప్పి మన బోటు యజమానులు ఇట్టే చెప్పేయగలరు. నెమ్మదిగా వెళ్లే పడవ అడుగున నాచు, గుల్లలు త్వరగా పేరుకుంటాయి. వాటితో నీటి రాపిడి పెరిగి, ఉన్న కాస్త వేగమూ తగ్గిపోతుంది. బోటునైతే ఇసుక మీదికి లాగి గీకేస్తారు. ఈ ఇంటికి ఒడ్డు లేదు. ఆ ఇంటాయనే ఊపిరి బిగబట్టి అడుగుకు దిగాలి.