హస్తనైపుణ్యం – శాస్త్రజ్ఞానం

ఆళ్లగడ్డ శిల్పి దినమంతా వంగి కూర్చుండి రాతిని మలుస్తాడు. నంద్యాల ప్రాంతపు పొలాలలో నాట్లు వేసే స్త్రీలు గంటల తరబడి నడుము ఎత్తరు. ఇట్టి శ్రమజీవులను తరచుగా బాధించేది నడుమునొప్పి. ఎముకలను, కీళ్లను, కండరాలను చేతులతో పరీక్షించి, సవరించి బాధను తగ్గించే వైద్యవిధానాలలో ఆస్టియోపతి ఒకటి.

అమెరికా వైద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్ 1874లో ఈ విధానాన్ని ప్రతిపాదించాడు. 1892లో కిర్క్స్‌విల్ పట్టణంలో దీనికి తొలి విద్యాలయాన్ని స్థాపించాడు. నేడు ఆ దేశంలో ఈ పట్టా పొందినవారు మందులు వ్రాయడానికీ, శస్త్రచికిత్స చేయడానికీ అర్హులైన సంపూర్ణ వైద్యులు. బ్రిటన్‌లో 1993 నాటి చట్టం ప్రకారం పేరు నమోదు కానివారు తమను ఆస్టియోపతులుగా చెప్పుకొనడం నేరం.

మన దేశంలో పరిస్థితి వేరు. అనుబంధ ఆరోగ్యవృత్తులకై 2021లో చేసిన జాతీయ చట్టం ఫిజియోథెరపీని గుర్తించింది. ఆస్టియోపతిని ప్రత్యేక వృత్తిగా పేర్కొనలేదు. కనుక కొద్ది వారాల శిక్షణతో లభించే ధ్రువపత్రం వైద్యార్హత కాజాలదు. ఈ రంగాన్ని కోరే మన విద్యార్థికి రాజమార్గం ఫిజియోథెరపీ పట్టా. ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివినవారు ఇందులో చేరవచ్చును. నాలుగున్నర సంవత్సరాలుగా సాగుతూ వచ్చిన ఈ కోర్సును 2025 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక ఐదేళ్లకు పెంచింది. అందులో చివరి ఏడాది ఆసుపత్రి శిక్షణకు కేటాయించారు. మన రాష్ట్రంలో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఈ పట్టాను ప్రదానం చేస్తుంది.

ఇంత దీర్ఘశిక్షణ ఎందుకు? పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టే విద్య తరతరాలుగా వస్తున్నది. ఆ చేతుల నేర్పును ఎవరూ కాదనరు. అయితే నడుమునొప్పి అంతా ఒక్కటి కాదు. వెన్నెముకకు సోకిన క్షయ, కేన్సర్, కంటికి కనబడని పగులు కూడా నొప్పిగానే మొదలుకావచ్చును. అట్టి వెన్నును బలంగా నొక్కితే నరాలు దెబ్బతిని కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉన్నది. ఎప్పుడు చేయి వేయాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎప్పుడు వేయరాదో తెలిసి రోగిని తగిన వైద్యుని వద్దకు పంపడం అంతకంటె ముఖ్యం. శరీరనిర్మాణ శాస్త్రం, వ్యాధిశాస్త్రం, ఆసుపత్రి అనుభవం కలిసి ఆ వివేకాన్ని ఇస్తాయి.

ఉలి జారి శిల్పం చెడితే శిల్పి మరొక రాయిని తెచ్చుకోగలడు. రోగికి మాత్రం వెన్నెముక ఒక్కటే. ఈ వృత్తిని ఆశించే విద్యార్థి ఆ సత్యాన్ని గుర్తెరిగి, పట్టాకు గుర్తింపు ఉన్నదో లేదో విచారించి మరీ కళాశాలలో అడుగుపెట్టాలి.